అద్దె యిండ్ల అగ్నిభద్రత

ఇల్లు కాలుచుండగా నూయి త్రవ్వబూనిన గృహస్థుని జూచి లోకము నవ్వును. ప్రభుత్వమే యా పని చేసినచో నవ్వుటకు వీలులేదు. అప్పుడు కాలునది పరుల యిల్లు. పోవునది పేదల ప్రాణము. లండను నగరమందలి గ్రెన్‌ఫెల్ టవరు కథ యిట్టిది.

అది కెన్సింగ్టన్-చెల్సీ పురపాలక సంఘమువారి 24 అంతస్తుల భవనము. అందున్నవారు పెక్కుమంది ఆ సంఘమువారి అద్దెదారులు. 2016లో ముగిసిన మరమ్మతులయందు గోడలకు వెలుపల క్రొత్త తొడుగు వేసిరి. మొదట తలచినది జింకు రేకు. వ్యయము తగ్గించుటకై దానికి మాఱుగా, పలుచని అల్యూమినియపు రేకుల నడుమ పాలిథీను నింపిన పలకల నమర్చిరి. మిగిలినది సుమారు 3 లక్షల పౌనులు. 2017 జూన్ 14వ తేదీ రాత్రి 4వ అంతస్తులోని యొక రెఫ్రిజరేటరు చెంత పుట్టిన నిప్పు ఆ తొడుగు నంటుకొని పైకప్పు వఱకు ప్రాకెను. 72 మంది మరణించిరి.

హెచ్చరిక లేకపోలేదు. 2009లో అదే నగరమున లకనాల్ హౌస్ అను పురపాలక భవనము కాలి ఆర్గురు మృతినొందిరి. నిబంధనల మార్గదర్శకమును స్పష్టపఱుపవలెనని 2013లో విచారణాధికారి సూచించెను. గ్రెన్‌ఫెల్ కాలునాటికి కూడ ఆ సమీక్ష ముగియలేదు.

పిదప ఖజానా తలుపు తెఱచుకొనెను; కాని మెల్లమెల్లగా. సంఘ గృహములపై నున్న ఆ జాతి పలకలను తొలగించుటకు 40 కోట్ల పౌనులు 2018 మేలో ప్రకటింపబడెను. తక్కిన తొడుగులకు 2020లో 100 కోట్లు, 2021లో మఱి 350 కోట్లు వచ్చెను. ఈ నిధులు ముఖ్యముగా ఇండ్లు కొన్నవారిపై భారము పడకుండుటకు ఉద్దేశింపబడినవి. అద్దెదారుల పాలిటి వ్యయమును, మిక్కిలి యిక్కట్టున బడిన సంఘములు తప్ప తక్కినవి, తమ యాదాయమునుండియే భరింపవలసివచ్చెను. ఆ యాదాయము అద్దెదారు లిచ్చిన అద్దెయే కదా! సంఘ గృహములకును సమానముగ సహాయము చేయుదుమని, 100 కోట్లకు మించి కేటాయించుటకు 2025 వఱకు పట్టెను.

ఖజానా అక్షయపాత్ర కాదనువారు కలరు. నిజమే. కాని పొదుపు మాట వచ్చెను గనుక లెక్క చూతము. దేశమంతట ఇట్టి భవనములను చక్కజేయుటకు 1,260 కోట్లనుండి 2,240 కోట్ల పౌనుల వఱకు పట్టవచ్చునని 2024లో అంచనా వెలువడినది. మొదట చూచుకొనని దానికి వడ్డీ యింత! 72 మంది ప్రాణములు ఏ లెక్కకును అందవు. ఆ మరణము లన్నియు నివారింపదగినవేయని 2024 సెప్టెంబరులో విచారణ సంఘము తేల్చినది.

ఇల్లు అద్దెకిచ్చినవాడు కప్పు కూలకుండ చూచుట ధర్మమని మన చదువరులలో ఇండ్లు గలవారెల్ల నెఱుగుదురు. యజమాని ప్రభుత్వమైనంత మాత్రమున ఆ ధర్మము తఱుగదు, ఇంకను పెరుగును.