చదువుకు సరిహద్దులు: ఆంక్షలు, వీసా నిబంధనలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• ఆంక్షలకు, వీసా నిబంధనలకు గల తేడాను చెప్పగలుగుతారు.
• దేశాల మధ్య విద్యాసంబంధాలపై వాటి ప్రభావాన్ని ఉదాహరణలతో వివరించగలుగుతారు.

మీకు వచ్చిన ఏదైనా పనిని ఎలా నేర్చుకున్నారో గుర్తుచేసుకోండి. పుస్తకం చదివితే కొంత తెలుస్తుంది. తెలిసినవారి పక్కన కూర్చుని చేస్తేనే పని పట్టుబడుతుంది. శాస్త్రవేత్తల విషయమూ ఇంతే. అందుకే వారు ఇతర దేశాల సదస్సులకు వెళతారు. అక్కడి పరిశోధనశాలల్లో కలిసి పనిచేస్తారు.

రెండు రకాల అడ్డంకులు

ఒక దేశం చేసిన పనికి నిరసనగా మరొక దేశం దాని మీద పెట్టే నిషేధాలను ఆంక్షలు అంటారు. ఇవి సహాయాన్ని, వ్యాపారాన్ని, పరికరాల అమ్మకాన్ని ఆపుతాయి. వీసా అంటే ఒక దేశంలో ప్రవేశించడానికి ఆ దేశం ఇచ్చే అనుమతి. అది లేకపోతే మనిషి ప్రయాణమే ఆగిపోతుంది.

మన దేశ అనుభవం

1998 మే నెలలో భారతదేశం పోఖ్రాన్‌లో అణుపరీక్షలు జరిపింది. అమెరికా ఆంక్షలు విధించింది. అనేక భారతీయ సంస్థల పేర్లను ఒక జాబితాలో చేర్చి, వాటికి పరికరాలు అమ్మాలంటే ప్రత్యేక అనుమతి కావాలన్నది. అదే ఏడాది అణుశక్తి సంఘం అధ్యక్షుడు ఆర్. చిదంబరానికి వీసా నిరాకరించింది. ఆయన వెళ్లదలచినది స్ఫటికశాస్త్రవేత్తల సమావేశానికి. ఘనపదార్థాలలో పరమాణువుల అమరికను ఈ శాస్త్రం తెలుపుతుంది. అయితే అణుపరీక్షలకు నాయకత్వం వహించిన వారిలో ఆయన ఒకరు. అందువల్ల సమావేశం ఏదైనా, అమెరికా ఆయన హోదానే చూసింది.

2001 సెప్టెంబరులో ఆ ఆంక్షలను ఎత్తివేశారు. కాని జాబితా ఒక్కసారిగా ఖాళీ కాలేదు. భాభా అణు పరిశోధన కేంద్రం పేరును 2025 జనవరిలో తొలగించారు.

ఆంక్షలు పోయినా వీసా చిక్కులు పోలేదు. 2006లో రసాయనశాస్త్రవేత్త గోవర్ధన్ మెహతాకు చెన్నైలో అమెరికా వీసా దొరకలేదు. ఆయన అంతకుముందు హైదరాబాదు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడుగా పనిచేశారు. ఆయన రసాయన పరిశోధన ఆయుధాలకు ఉపయోగపడుతుందేమోనన్న అనుమానం ఎదురైంది. విషయం పత్రికలకెక్కిన తరువాత అమెరికా రాయబార కార్యాలయం విచారం తెలిపి, వీసా ఇవ్వడానికి ముందుకు వచ్చింది.

నాణేనికి రెండో వైపు

దేశభద్రతను కాపాడుకోవడం ప్రతి ప్రభుత్వ బాధ్యత. మన దేశంలోనూ సదస్సులకు వచ్చే విదేశీయులకు ప్రత్యేక వీసా ఉంది. పాకిస్తాన్ వంటి కొన్ని దేశాలవారి విషయంలో హోం మంత్రిత్వశాఖ అనుమతి కూడా అవసరం. ఇందుకు భిన్నంగా, సార్క్ దేశాల విద్యార్థులు ఒకేచోట చదువుకోవాలని ఢిల్లీలో దక్షిణాసియా విశ్వవిద్యాలయాన్ని 2010లో ప్రారంభించారు. అక్కడికి రావడానికీ నేపాల్, భూటాన్ తప్ప మిగతా పొరుగుదేశాల విద్యార్థులకు వీసా కావలసిందే.

ఒక విషయం గమనించండి. పేరున్న శాస్త్రవేత్తకు వీసా రాకపోతే పత్రికలు రాస్తాయి. అదే పేరులేని విద్యార్థికి వీసా ఆలస్యమైతే ఏడాది చదువు పోతుంది, ఆ సంగతి ఎవరికీ తెలియదు. కాబట్టి నిబంధనలు ఉండాలా వద్దా అన్నది ఒక్కటే ప్రశ్న కాదు. దరఖాస్తు చేసినవారికి సకాలంలో, కారణంతో కూడిన సమాధానం వస్తోందా అన్నది కూడా అంతే ముఖ్యం.

మీ అభ్యసనాన్ని పరీక్షించుకోండి

1. ఆంక్షలకు, వీసా నిబంధనలకు గల తేడా ఏమిటి?
2. 1998లో ఆర్. చిదంబరానికి వీసా ఎందుకు నిరాకరించారు? ఆ నిర్ణయం సరైనదేనా? మీ అభిప్రాయాన్ని ఐదు వాక్యాలలో రాయండి.