కూలి పుస్తకంలో దైవపిలుపు

దైవపిలుపు అనగానే మనలో చాలామందికి తెల్లని అంగీ, చేతిలో పరిశుద్ధ గ్రంథం, వేదిక మీద ప్రసంగం తోచును. పిలుపు అందినవాడు పాదిరి కావలెను, లేదా ఇల్లూ వాకిలీ విడిచి దూరదేశం పోవలెను అనుకొంటాము. నేనూ చాలాకాలం అట్లే అనుకొన్నాను. మెట్రిక్ ప్యాసయిన తరువాత బైబిలు పాఠశాలలో చేరవలెనని నా కోరిక. ఇంటి పరిస్థితి ఒప్పుకొనలేదు. షోలాపూరులో ఒక చాదర్ల కార్ఖానాలో గుమాస్తాగా కుదిరినాను. తెలుగూ మరాఠీ రెండూ వచ్చునని కూలి పుస్తకం నాకు అప్పగించినారు. దేవుడు నన్ను పిలిచి, మరల మరచిపోయినాడని లోలోపల ఒక వెలితి ఉండేది.

మా పేట సంగతి చదువరులకు తెలియనిది కాదు. తాతల కాలంలో తెలంగాణ నుండి మగ్గం పని వెదకుకొంటూ వచ్చినవారి ఇళ్లే ఎక్కువ. మార్కండేయ మహర్షిని కులపురుషునిగా కొలిచే పద్మశాలీల నడుమ మా క్రైస్తవుల ఇళ్లు కొద్ది. అందరినీ నిద్ర లేపేది మగ్గాల చప్పుడే.

ఆ కార్ఖానాలో చేరిన కొన్నాళ్లకు పైఅధికారి ఒకరు నన్ను పిలిచి, వారం వారం కొన్ని చాదర్లను డాగు పడినవిగా వ్రాయమన్నారు. డాగు పడితే కూలిలో కోత పడుతుంది. సరుకు నా కంటికి చూపలేదు. నేనూ చూపమని అడుగలేదు. పిల్లల చదువులు గుర్తుకు వచ్చి, చెప్పినట్లే వ్రాసినాను. ఆదివారం గుడిలో వాక్యపఠనం చేసేవాడినీ నేనే, సోమవారం ఆ అంకెలు వేసేవాడినీ నేనే.

ఒక శనివారం ముసలి నేతగాడు ఒకాయన కూలి డబ్బులు లెక్కపెట్టుకొని నా బల్ల దగ్గరనే నిలబడినాడు. కోపపడలేదు. "బిడ్డా, నాకు అచ్చరం రాదు. నువ్వు రాసిందే నా కూలి," అని మాత్రం అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎన్నో ప్రసంగాలు విన్నాను గాని, ఏ ప్రసంగమూ నన్ను అంతగా పేరు పెట్టి పిలువలేదు.

అపొస్తలుడైన పౌలు జీవితం అప్పుడు కొత్తగా కనబడినది. కొరింథు పట్టణంలో ఆయన అకుల, ప్రిస్కిల్ల అనే దంపతుల ఇంట ఉండి, వారితో కలిసి డేరాలు కుట్టినాడు. సువార్త చెప్పిన నోరూ, సూది పట్టిన చేయీ ఒక్క మనిషివే. ఎవడు ఏ స్థితిలో ఉండగా పిలువబడినాడో ఆ స్థితిలోనే నిలిచి ఉండవలెనని కొరింథీయులకు వ్రాసినదీ ఆయనే. అన్యాయాన్ని సహించి పడి ఉండమని దీని అర్థం కాదు. దాసుడికి విడుదల పొందే వీలుంటే విడుదల పొందమని ఆ వెంటనే వ్రాసినాడు. పిలుపు అందుకొనుటకు వేరే బ్రతుకు కోసం కాచుకొని ఉండనక్కర లేదన్నదే అందులోని భావం.

మన తెలుగుదేశంలోనే దీనికి గొప్ప నిదర్శనం ఉన్నది. ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారి. ఏలూరు ప్రాంతానికి తోళ్ల బేరం మీద పోయినప్పుడు క్రీస్తు మాట ఆయన చెవిని పడినది. 1866లో బాప్తిస్మం పొంది, ఒంగోలు చుట్టుపట్ల ఊరూరా కాలినడకన తిరిగి తనవారికి ఆ మాట చెప్పినాడు. అదే ఏట జాన్ క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టినాడు. ఆయన మిషనరీ కాకమునుపు అమెరికాలో సర్వే పని నేర్చినవాడు. 1876-78 నాటి కరవులో ఆ పాతవిద్యే అక్కరకు వచ్చినది. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకం ఆయన గుత్తకు తీసికొన్నాడు. మిగతాచోట్ల మేస్త్రీలు కూలీలను కొట్టి, కూలి దిగమ్రింగుతుంటే, ఇక్కడ బోధకులే మేస్త్రీలై పని చూచినారు, కూలి సరిగా ముట్టజెప్పినారు. తిండి కోసం మతం పుచ్చుకొన్నారన్న మాట రాకూడదని కరవు సహాయం సాగినన్నాళ్లు దొర బాప్తిస్మాలు ఇవ్వలేదు. ఆ తరువాత 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందినారు. ఆ అంకెను మనం గొప్పగా చెప్పుకొంటాము. దాని వెనుక కాలువగట్టు మీద తప్పులేకుండా పంచిన కూలి ఉన్నదని నాకు అనిపిస్తుంది.

సోమవారం నేను పైఅధికారి దగ్గరకు వెళ్లి, సరుకు కళ్లతో చూడకుండా డాగు వ్రాయనని చెప్పినాను. చేతులు వణికినవి. ఆయన పెద్దగా ఏమీ అనలేదు. పది దినాలలో కూలి పుస్తకం మరొకరి చేతికి పోయినది, నన్ను నూలు గోదాములోకి మార్చినారు. జీతంలో కొంత తగ్గినది. ఇంట్లో ఆ సంగతి చెప్పినప్పుడు నా భార్య కొంతసేపు మాటాడలేదు. తరువాత, "పాల లెక్క నేను చూచుకొంటాను లెండి," అన్నది. ఆమెకు అందిన పిలుపు అది.

ఆ ముసలాయనకు నేను వ్రాసిన కోతల్లో నాకు గుర్తున్నంత నా చేతి డబ్బుతో ఇచ్చినాను. మిగతావారికి అందరికీ ఇవ్వలేకపోయినాను. ఆ బాకీ నా మీద ఇంకా ఉన్నది.

సోదర సోదరీమణులారా, మనలో బీడీలు చుట్టే తల్లి ఉన్నది, మరమగ్గం నడిపే తమ్ముడున్నాడు, కొట్టులో త్రాసు పట్టే అన్న ఉన్నాడు. పిలుపు కోసం ఆకాశం వైపు చూడనక్కర లేదు. అక్షరం రానివాడు మన అక్షరాన్ని నమ్ముకొని నిలబడిన చోట, తూకం తెలియని పిల్ల మన త్రాసును నమ్ముకొని వచ్చిన చోట, ప్రభువు నిలిచి పిలుస్తున్నాడు. నేను ఆలస్యంగా విన్నాను. మీరు త్వరగా వినండి.