లుంగీ కట్టుకుని బయటికి వస్తే ఎందుకా చూపులు?

దిల్‌సుఖ్‌నగర్ గల్లీల్లో ఫజర్ నమాజ్ అయ్యాక లుంగీ మీద పాల ప్యాకెట్ కోసం వచ్చే పెద్దమనిషిని ఎవరూ వింతగా చూడరు. అదే మనిషి సాయంత్రం అదే లుంగీ మీద ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కితే పక్కవాళ్లు ఓసారి పైనుంచి కిందికి చూస్తారు. పెద్ద షోరూమ్‌కి వెళ్తే గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు చూపు కూడా మారుతుంది. బట్ట మారలేదు, మనిషీ మారలేదు. మరి మారిందేమిటి?

బట్ట ఒకటే, పేర్లు వేరు

ఉర్దూలో తహబంద్, అరబ్బీలో ఇజార్, యెమెన్‌లో ఫూతా, ఇండోనేషియాలో సారోంగ్, మయన్మార్‌లో లోంజీ. అన్నీ నడుముకు చుట్టుకునే బట్టలే. హజ్‌కి వెళ్లే మగవాళ్లు ఇహ్రామ్‌లో కుట్టిన బట్టలు వదిలేసి నడుముకు కట్టేది కూడా ఇజారే. అక్కడ షావుకారుకూ, హమాలీకీ అదే బట్ట.

స్కాట్లాండ్ మగవాళ్ల కిల్ట్ కూడా నడుముకు చుట్టుకునేదే. అక్కడి తిరుగుబాటును అణిచాక బ్రిటిష్ పార్లమెంటు 1746లో చట్టం చేసి, స్కాట్లాండ్‌లో మగవాళ్లు దాన్ని కట్టకుండా నిషేధించింది. మొదటిసారి దొరికితే 6 నెలల జైలు. బ్రిటిష్ సైన్యంలో చేరినవాళ్లకు మాత్రం మినహాయింపు! 1782లో ఆ చట్టం రద్దయింది. ఇప్పుడు అదే కిల్ట్ అక్కడ పెళ్లికొడుకు వేసుకునే దుస్తులు. అంటే గొడవ బట్టతో కాదు, దాన్ని కట్టిన మనిషితో.

బార్కస్‌లో ఒక లెక్క, ఇక్కడ ఒక లెక్క

ఎల్‌బీ నగర్ నుంచి సాగర్ రింగ్ రోడ్డు మీదుగా చాంద్రాయణగుట్ట వైపు వెళ్తే బార్కస్ వస్తుంది. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులు అక్కడ ఉంటారు. సైనికుల బ్యారక్స్ నుంచే ఆ పేరు వచ్చింది. అక్కడ లుంగీ ఇంటి బట్ట కాదు, బజారు బట్ట. దుకాణానికైనా, మసీదుకైనా, బంధువుల ఇంటికైనా దాని మీదే వెళ్తారు. ఎవరూ తిరిగి చూడరు.

దిల్‌సుఖ్‌నగర్ సంగతి వేరు. ఇక్కడ కోచింగ్ సెంటర్లు, షోరూములు, ఉద్యోగాల కోసం వచ్చిన కుర్రాళ్లు. ప్యాంటు అంటే చదువు, లుంగీ అంటే కూలి పని అనే లెక్క పడిపోయింది. తెల్ల పంచె కట్టిన నాయకుడికి దండలు వేసే ఊళ్లోనే, గళ్ల లుంగీ కట్టిన మనిషిని 'ఎవరు కావాలి?' అని అడుగుతారు. దానికి తోడు టోపీ, గడ్డం ఉంటే చూపు ఇంకాస్త సేపు నిలుస్తుంది. ఇది ఆ ఇళ్లలో అందరికీ తెలిసిందే.

అయితే ఇది మతం గొడవ మాత్రమే అనుకుంటే పొరపాటు. బంగ్లాదేశ్ రాజధాని ఢాకాలో బారిధారా అనే ధనికుల కాలనీ 2013లో రిక్షావాళ్లు లుంగీతో లోపలికి రాకూడదంది. నిరసనగా జనం లుంగీలు కట్టుకుని ఊరేగింపుగా వెళ్లారు. ఆపింది ముస్లింలే, ఆగింది కూడా ముస్లింలే.

2024 జులైలో బెంగళూరులోని ఒక మాల్ పంచె కట్టుకొచ్చిన ముసలి రైతును లోపలికి రానివ్వలేదు. కర్ణాటక ప్రభుత్వం ఆ మాల్‌ను 7 రోజులు మూయిస్తామని ప్రకటించింది. అదే ఏడాది ఫిబ్రవరిలో మాసిన బట్టలున్నాయని ఒక రైతును మెట్రో స్టేషన్‌లో ఆపితే, సెక్యూరిటీ సూపర్‌వైజర్ ఉద్యోగం పోయింది.

చట్టం ఏమంటుంది?

రాజ్యాంగం 15(2) అధికరణ ప్రకారం మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఎవరినీ దుకాణాలు, హోటళ్లు, వినోద స్థలాల్లోకి రాకుండా ఆపకూడదు. ఆ జాబితాలో 'దుస్తులు' అన్న మాట లేదు. ప్రైవేటు క్లబ్బులు, మాల్‌లు 'డ్రెస్ కోడ్' అని తప్పించుకునేది ఇక్కడే. అయితే దుస్తుల ద్వారా తనను తాను చూపించుకోవడం కూడా భావప్రకటన స్వేచ్ఛలో భాగమేనని సుప్రీంకోర్టు 2014లో ట్రాన్స్‌జెండర్ల కేసులో చెప్పింది.

తమిళనాడు ఇంకో అడుగు ముందుకేసింది. పంచె కట్టుకొచ్చిన హైకోర్టు జడ్జిని చెన్నైలో ఒక క్లబ్ ఆపిన తర్వాత, 2014లోనే అక్కడ ప్రత్యేక చట్టం వచ్చింది. తెలంగాణలో అలాంటి చట్టం లేదు.

ఆపితే ఏం చేయాలి?

గొంతు పెంచొద్దు. గార్డు జీతగాడు, అతనితో గొడవపడి లాభం లేదు. మేనేజర్‌ని పిలిపించి, 'ఈ రూల్ ఎక్కడ రాసి ఉంది? చూపించండి' అని అడగాలి. రాసి లేకపోతే చాలాసార్లు మాట అక్కడితో ఆగిపోతుంది. టైము, పేరు రాసుకుని ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వాలి.

కట్టేవాళ్లకూ ఒక మాట. మగవాళ్లకు సతర్ బొడ్డు నుంచి మోకాలి దాకా అని ఉలమాలు చెబుతారు. నలుగురిలో లుంగీని మోకాళ్ల పైకి మడిచి కట్టకపోతే అటు దీన్ ప్రకారం బాగుంటుంది, ఇటు వేలెత్తి చూపేవాళ్లకూ సందు ఉండదు.

చివరికి, గేటు దగ్గర గార్డు కన్నా ముందు ఆపేది చాలాసార్లు ఇంట్లోవాళ్లే. 'అబ్బూ, స్కూల్ మీటింగ్‌కి లుంగీ మీద రావొద్దు, ఫ్రెండ్స్ నవ్వుతారు' అని పిల్లలు అంటారు. ఆ తండ్రి మాట్లాడకుండా ప్యాంటు వెతుక్కుంటాడు. ఆ పిల్లల స్కూలు ఫీజు ఏ బట్ట మీద కష్టపడితే వచ్చిందో, ఒక్కసారి వాళ్లకు కూర్చోబెట్టి చెప్పాల్సింది పెద్దవాళ్లే.