పథ్యం గిన్నెలో పప్పుండలు

సాయంత్రం పూట మొజంజాహీ మార్కెట్ గడియారం దగ్గర కాసేపు నిలబడండి. చేతిలో స్టీలు క్యారియర్లు పట్టుకుని గబగబా నడిచేవారు కనిపిస్తారు. కొందరు రెడ్‌హిల్స్‌లోని నిలోఫర్‌కు, కొందరు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి, కొందరు ఈ చుట్టుపక్కల ఉన్న మరో ఆసుపత్రికి. ఆ క్యారియర్లలో ఏముంటుందో మనకు తెలియనిది కాదు. మెత్తగా ఉడికిన అన్నం, పలుచని చారు. మన ఇళ్ళలో ‘పథ్యం’ అంటే అదే.

మా అమ్మకు టైఫాయిడ్ వచ్చి తగ్గినప్పుడు మేమూ అదే పెట్టాం. మూడు వారాలు గంజి, చారన్నం, సగ్గుబియ్యం జావ. పప్పు వేడి చేస్తుందని ఒకరు, గుడ్డు అరగదని మరొకరు అన్నారు. చూడటానికి వచ్చిన పెద్దవాళ్ళ మాట కాదనలేకపోయాం. జ్వరం పోయింది గాని నీరసం పోలేదు. అమ్మ గోడ పట్టుకుని నడిచేది. గాజులు మోచేతి వరకు జారిపోయేవి. మళ్ళీ చూపించడానికి తీసుకెళితే డాక్టరుగారు ఒక్కటే ప్రశ్న అడిగారు: “ఈ మూడు వారాల్లో ఆమె కండకు ఏం పెట్టారు?” మా దగ్గర జవాబు లేదు. ప్రేమ ఎక్కువై చేసిన పొరపాటు అది.

కండకు ఏం కావాలి?

జ్వరం, ఆపరేషన్, క్షయ వంటివి వచ్చినప్పుడు శరీరం తన కండనే కరిగించి వాడుకుంటుంది. అది తిరిగి పట్టాలంటే మాంసకృత్తులు, అంటే ప్రోటీన్లు కావాలి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సిఫారసు చేసిన లెక్క ప్రకారం, ఆరోగ్యంగా ఉన్న 55 కిలోల స్త్రీకే రోజుకు సుమారు 46 గ్రాముల ప్రోటీను అవసరం. జబ్బుపడి లేచినవారికి సాధారణంగా అంతకంటే ఎక్కువే కావాలి. పప్పు వేయని చారులో ప్రోటీను దాదాపు లేనట్టే. గంజిలోనూ చాలా తక్కువ.

మరి నోటికి రుచి తెలియనివారికి, నమలడానికి ఓపిక లేనివారికి ఏం పెట్టాలి? మాకు దొరికిన జవాబు పప్పుండల సూప్. ఇది పరాయి వంట కాదు. వినాయక చవితినాడు పక్కింటి నుంచి వచ్చే పాల ఉండ్రాళ్ళు, కొన్ని ఇళ్ళలో చేసే కంది ఉండల పులుసు, గుజరాతీ కుటుంబాలు వండుకునే దాల్ ఢోక్లీ, ఈమధ్య వీధి బండ్ల మీద కనిపిస్తున్న మోమోలు, అన్నీ ఒకే కుటుంబానికి చెందినవి. పిండినో పప్పునో ముద్ద చేసి, ఆవిరి మీదో రసంలోనో ఉడికించడమే వీటి కిటుకు. నూనెలో వేయించే పని లేదు కాబట్టి పొట్టకు తేలిక.

సరుకులు ఎక్కడ?

ఏడవ నిజాం తన రెండవ కుమారుడు మొజంజా పేరు మీద 1935లో కట్టించిన ఈ రాతి మార్కెట్‌కు, 2020లో మరమ్మతులు పూర్తయ్యాక, మళ్ళీ కళ వచ్చింది. అక్కడి నుంచి సిద్దిఅంబర్ బజార్ మీదుగా నడిస్తే బేగంబజారు. పప్పులు, మిరియాలు, జీలకర్ర, ఆవిరి గిన్నెలు, అన్నీ అక్కడే దొరుకుతాయి. సూప్ పొడి పాకెట్లు మాత్రం కొనకండి. వాటిలో చాలావరకు ఉప్పు ఎక్కువ, ప్రోటీను తక్కువ.

కావలసినవి (నలుగురికి)

ఉండలకు: పొట్టు తీసిన పెసరపప్పు 100 గ్రాములు, బియ్యప్పిండి 2 చెంచాలు, చిన్న అల్లం ముక్క, అర చెంచా జీలకర్ర, కొత్తిమీర.

సూప్‌కు: టమాటాలు 2, క్యారెట్ 1, గుప్పెడు సొరకాయ ముక్కలు, విడిగా ఉడికించి మెదిపిన పెసరపప్పు 2 చెంచాలు, మిరియాల పొడి పావు చెంచా, నెయ్యి లేదా నూనె 1 చెంచా, నీళ్ళు 1 లీటరు.

మొత్తానికి ఉప్పు ముప్పావు టీస్పూను చాలు. మనిషికి సుమారు 1 గ్రాము పడుతుంది. రోజంతటికీ కలిపి ఉప్పు 5 గ్రాములు దాటకూడదని గుర్తుంచుకోండి.

చేసే విధానం

పెసరపప్పును రెండు గంటలు నానబెట్టి, జల్లెడలో వేసి నీళ్ళు పూర్తిగా ఓడనివ్వండి. అల్లం, జీలకర్రతో కలిపి, నీళ్ళు పోయకుండా కాస్త బరకగా రుబ్బండి. బియ్యప్పిండి, కొత్తిమీర, చిటికెడు ఉప్పు కలపండి. చేతికి తడి చేసుకుని ఉసిరికాయంత ఉండలు చేయండి. సుమారు 12 వస్తాయి. ఇడ్లీ పాత్రలో 12 నిమిషాలు ఆవిరి మీద ఉడికించండి. పుల్ల గుచ్చి తీస్తే పిండి అంటకూడదు.

ఈలోగా నెయ్యిలో టమాటాలు మగ్గించి, మిగతా కూరముక్కలు, నీళ్ళు, మిగిలిన ఉప్పు వేసి మెత్తగా ఉడికించండి. మెదిపిన పప్పు, మిరియాల పొడి కలపండి. మంట బాగా తగ్గించి, ఉండలు వేసి నాలుగు నిమిషాలు ఉంచి దించండి.

ఉండలు విరిగిపోతున్నాయా? పిండిలో నీరు ఎక్కువై ఉంటుంది, లేదా సూప్ కుతకుత ఉడుకుతుండగా వేసి ఉంటారు. గట్టిగా వస్తున్నాయా? బియ్యప్పిండి ఎక్కువైందన్నమాట.

పెసరపప్పు 100 గ్రాములలో సుమారు 24 గ్రాముల ప్రోటీను ఉంటుంది. అంటే మూడు ఉండలు తిన్నవారికి దాదాపు ఒక కోడిగుడ్డుకు సమానంగా, 6 గ్రాములు అందుతుంది. పప్పులో తక్కువగా ఉండేది బియ్యం, బియ్యంలో తక్కువగా ఉండేది పప్పు పూరిస్తాయి. అయితే రోజుకు ఒక్క గిన్నెతో సరిపోదు. పాలు, పెరుగు, గుడ్డు, చేప, వీటిలో డాక్టరుగారు ఒప్పుకున్నవి కూడా తోడు కావాలి.

వీరు జాగ్రత్త

• పక్షవాతం వచ్చినవారికి, మింగేటప్పుడు పొలమారేవారికి ఈ సూప్ ఇలాగే ఇవ్వకండి. పలుచని రసం, ముద్ద ఒకేసారి నోట్లోకి వెళితే ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదం ఉంది. ముందు డాక్టరుగారిని అడగండి.
• కిడ్నీ జబ్బు ఉన్నవారు పప్పు, టమాటా ఎంత తినవచ్చో అడిగి తెలుసుకోవాలి.
• షుగరు ఉన్నవారు దీనితోపాటు తినే అన్నం తగ్గించుకోవాలి.
• ఆపరేషన్ అయినవారికి, ఆహారం మొదలుపెట్టవచ్చని చెప్పాకే పెట్టాలి.
• చిన్నపిల్లలకు ఉండను చిదిపి పెట్టండి.
• ఆసుపత్రికి తీసుకెళ్ళేటప్పుడు వేడిగా మూతపెట్టి, రెండు గంటల్లోపు తినిపించండి. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు బాగా మరిగించాకే వాడండి.

అమ్మ మొదటిరోజు ఒక్క ఉండే తిన్నది. వారం తిరిగేసరికి మూడు తినగలిగింది. గుడ్డు, పెరుగు కూడా మొదలుపెట్టాం. నెల దాటాక ఒక ఉదయం వంటింట్లో చప్పుడైతే వెళ్ళి చూశాను. గోడ పట్టుకోకుండా నిలబడి, తానే పప్పు కడుగుతోంది. “నువ్వు రుబ్బితే మరీ మెత్తగా అవుతోంది” అంది.

మీ ఇంట్లో ఎవరైనా జబ్బుపడి లేస్తున్నారా? ఈసారి క్యారియర్ కట్టేటప్పుడు ఆ ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇందులో కండకు ఏముంది?