సెట్టింగ్ మార్చినా మళ్లీ నిద్రపోయే ల్యాప్‌టాప్



జేఈఈ మెయిన్ అయినా ఈఏపీసెట్ అయినా ఇప్పుడు కంప్యూటర్ మీదే రాయాలి. అందుకే పెద్ద తరగతుల పిల్లలు ఇంట్లో కూడా మూడేసి గంటల మాక్ టెస్టులు రాస్తున్నారు. లెక్క కాస్త పెద్దదైతే పది నిమిషాల పాటు రఫ్ పేపర్ మీద పెన్ను కదులుతుంది గానీ మౌస్ కదలదు. ల్యాప్‌టాప్‌కి ఆ సంగతి తెలియదు కదా! ఎవరూ లేరనుకుని స్క్రీన్ ఆపేసి నిద్రలోకి జారుకుంటుంది. దాన్ని లేపి, పాస్‌వర్డ్ కొట్టి, నెట్ కలిసేలోపు విలువైన సమయం పోతుంది. చాలా టెస్టుల్లో టైమర్ సర్వర్‌లో నడుస్తుంది కాబట్టి మన మెషీన్ పడుకున్నా టైమర్ ఆగదు.

దీనికి మందు చాలామందికి తెలిసిందే. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో పవర్ అండ్ బ్యాటరీ తెరిచి, స్క్రీన్‌కీ స్లీప్‌కీ 'నెవర్' అని పెట్టడం. చిక్కల్లా ఆ తర్వాతే వస్తుంది. రెండు రోజులకి చూస్తే సెట్టింగ్ మళ్లీ మొదటికొస్తుంది. 'మావాడే ఏదో కెలికాడు' అని పిల్లల మీద కోప్పడతాం. నిజానికి చాలాసార్లు ఆ పని పిల్లలది కాదు. ఆ ఒక్క సెట్టింగ్ మీద కంప్యూటర్‌లో ఇద్దరు ముగ్గురు పెత్తనం చేస్తుంటారు. మనం మార్చింది ఎవరు తిరగేస్తున్నారో కనిపెడితే తప్ప ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఉండదు.

ముందు అది నిజంగా మారుతోందో లేదో చూడండి. విండోస్‌లో ఛార్జర్ పెట్టినప్పుడు ఒక లెక్క, బ్యాటరీ మీద నడిచేటప్పుడు ఇంకో లెక్క ఉంటాయి. మీరు మొదటిదే మార్చి ఉండవచ్చు. కరెంటు పోయినా, స్విచ్‌బోర్డులో ప్లగ్ వదులై ఛార్జింగ్ ఆగినా మెషీన్ రెండో లెక్కలోకి వెళ్లిపోతుంది. అది మారడం కాదు, మనం చూడని గడి అన్నమాట. బ్యాటరీ సేవర్ సంగతీ ఇంతే. విండోస్ 10లో ఛార్జింగ్ 20 శాతానికి దిగగానే అది తనంతట తానే ఆన్ అయి స్క్రీన్ వెలుగు తగ్గించేస్తుంది.

రెండు గడులూ సరిగ్గానే పెట్టినా మారిపోతుంటే, మొదట అనుమానించాల్సింది ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన కంపెనీ యాప్‌ని. లెనోవోకి వాంటేజ్, ఆసుస్ గేమింగ్ మోడళ్లకి ఆర్మరీ క్రేట్ ఇలాంటివే. వీటిలో సైలెంట్, పర్ఫార్మెన్స్ వంటి మోడ్‌లు ఉంటాయి. మోడ్ మారినప్పుడు కొన్ని మోడళ్లలో విండోస్ పవర్ ప్లాన్ కూడా దాంతోపాటే మారుతుంది. కీబోర్డు మీద ఫ్యాన్ బొమ్మ ఉన్న మీట పొరపాటున నొక్కినా ఇదే జరగవచ్చు. కాబట్టి ముందు ఆ యాప్‌లో మోడ్ ఖాయం చేసుకుని, ఆ తర్వాతే విండోస్‌లో టైమ్ మార్చండి. 'స్పీడు పెంచుతాం, చెత్త తీసేస్తాం' అని చెప్పే ఉచిత యాప్‌లు కూడా ఈ పని చేస్తాయి. వాటిని ఉంచుకోవాల్సిన అవసరం నాకైతే కనిపించదు, తీసేయండి.

పెద్ద అప్‌డేట్ వచ్చిన తర్వాత కూడా ఒకసారి చూసుకోవాలి. కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో 'బ్యాలెన్స్‌డ్' అనే ఒక్క ప్లానే కనిపిస్తుంది. 'హై పర్ఫార్మెన్స్' లేదని కంగారు పడకండి, అవి అలాగే తయారవుతున్నాయి.

ఎవరు మారుస్తున్నారో పట్టుకోవడానికి ఒక చిన్న ఉపాయం ఉంది. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఇంగ్లిష్ అక్షరాల్లో పవర్‌సీఎఫ్‌జీ అని కలిపి కొట్టి, ఒక స్పేస్ వదిలి, స్లాష్, ఎల్ అని టైప్ చేయండి. ప్లాన్ల జాబితా వస్తుంది. ఇప్పుడు నడుస్తున్న దాని పక్కన చుక్క గుర్తు ఉంటుంది. అది రాసిపెట్టుకోండి. అనుమానం ఉన్న యాప్‌లలో ఒకదాన్ని ఆపి, రీస్టార్ట్ చేసి మళ్లీ చూడండి. షట్‌డౌన్ కాదు, రీస్టార్టే చేయాలి. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉన్న మెషీన్‌లో షట్‌డౌన్ చేస్తే విండోస్ పూర్తిగా మొదటి నుంచి మొదలవదు. ఒకేసారి నాలుగు యాప్‌లు ఆపేస్తే దొంగ ఎవరో తేలదు, ఒక్కొక్కటిగా ఆపండి.

ఇక ఆఫీసు ల్యాప్‌టాప్. మన పేరెంట్స్‌లో ఐటీ ఉద్యోగులు చాలామంది కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. నాన్న ఆఫీసు మెషీన్ మీద అమ్మాయి టెస్ట్ రాస్తుంటే, అక్కడ పెత్తనం కంపెనీ ఐటీ విభాగానిది. గ్రూప్ పాలసీ అనే ఏర్పాటుతో వాళ్లు పెట్టిన నిబంధనలు, మెషీన్ కంపెనీ నెట్‌వర్క్‌కి కలిసి ఉంటే, మామూలుగా 90 నిమిషాలకోసారి, మరో 30 నిమిషాల వరకు తేడాతో మళ్లీ వచ్చి కూర్చుంటాయి. అంటే టెస్ట్ మొదట్లో సరిగ్గా ఉన్నది చివరి గంటలో మారిపోవచ్చు. 'కొన్ని సెట్టింగ్‌లు మీ సంస్థ ఆధీనంలో ఉన్నాయి' అని ఇంగ్లిష్‌లో ఒక లైను కనిపిస్తే అది ఇదే. మౌస్‌ని దానంతటదే కదిలించే చిన్న యాప్‌లు నెట్‌లో దొరుకుతాయి. ఆఫీసు మెషీన్‌లో అవి వేయకండి, వాటివల్ల ఉద్యోగానికే ఇబ్బంది రావచ్చు. అసలు ఆ మెషీన్ ఇంట్లోవాళ్లకి ఇవ్వడానికి మీ కంపెనీ ఒప్పుకుంటుందో లేదో కూడా కనుక్కోండి. వేరే దారి లేకపోతే రెండు మూడు నిమిషాలకోసారి టచ్‌ప్యాడ్ మీద వేలు కదపమని పాపకి చెప్పండి. క్యాంపస్ ల్యాబ్‌లో రాసే వీలుందేమో క్లాస్ టీచర్‌ని అడగండి.

ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఉంటే ఇంకో సంగతి. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ల లాంటి బ్యాటరీ ఉంటుంది. చాలావాటిలో అది సీఆర్ 2032 రకం, 3 వోల్టులది. అది అయిపోతే కరెంటు పోయిన ప్రతిసారీ తేదీ, టైమ్, బయోస్‌లో పెట్టినవన్నీ పోతాయి. కరెంటు రాగానే దానంతటదే ఆన్ కావాలా వద్దా అన్నదీ వాటిలో ఒకటి. విండోస్ స్లీప్ టైమ్ మాత్రం డిస్క్‌లో ఉంటుంది, ఈ బ్యాటరీతో దానికి సంబంధం లేదు. కాబట్టి తేదీ సరిగ్గా ఉండి స్లీప్ టైమ్ ఒక్కటే మారుతుంటే, షాపులో ఎవరైనా బ్యాటరీ మార్చాలన్నా ఒప్పుకోకండి. తేదీ కూడా వెనక్కి పోతుంటే మాత్రం వెంటనే మార్పించండి, ఖరీదు తక్కువే. తేదీ తప్పుగా ఉంటే బ్రౌజర్ టెస్ట్ సైట్‌ని అసలు తెరవనివ్వకపోవచ్చు. కొత్త బ్యాటరీ వేశాక ముందు తేదీ, టైమ్ సరిచేసి, తర్వాతే మిగతావి చూడండి.