నీ ఇంటికి వెళ్లు

గెరాసేనుల దేశంలో సమాధుల మధ్య తిరుగాడిన మనిషిని ప్రభువు బాగుచేశాడు. ఆయన దోనె ఎక్కుతుండగా, తననూ వెంట తీసుకెళ్లమని అతను బతిమాలాడు. ప్రభువు ఒప్పుకోలేదు. ఇంటికి, సొంతవారి దగ్గరికి వెళ్లి దేవుడు చేసిన మేలు చెప్పమన్నాడు (మార్కు 5:18-19). వెంబడిస్తానన్నవాణ్ణి వెనక్కి పంపడం మనకు వింతగానే తోస్తుంది. కానీ ఆ ఊరి గాయం తెలిసినవాడు అతనే. అతని మాటను ఆ ఊరు కాదనలేదు.

మా రాయలసీమలో ఈ మాటకు బరువెక్కువ. కోసిగి, ఆదోని, మంత్రాలయం వైపు వానలు ముఖం చాటేస్తే కుటుంబాలకు కుటుంబాలే సుగ్గికి పోతాయి. గుంటూరు మిరప చేలల్లో కాయలు కోసే తల్లిదండ్రుల వెంట పిల్లలూ వెళ్తారు. తిరిగొచ్చేసరికి బడిలో పాఠాలు దాటిపోయి ఉంటాయి. కడప, రాయచోటి వైపు తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్తే, పిల్లలు అవ్వ దగ్గర పెరుగుతారు. అలాంటి పిల్లవాడికి మా ప్రసంగం కంటే, అదే చేలో కాయలు కోసి మళ్లీ బడి మెట్లెక్కిన అన్న మాట త్వరగా చెవికెక్కుతుంది.

ఇక్కడ మా తప్పు ఒప్పుకోవాలి. అలా చదివి పైకొచ్చిన ఒక యువకుణ్ణి మేము ప్రతి కూడికలోనూ నిలబెట్టి సాక్ష్యం చెప్పించాము. మైకులు, కుర్చీలు, క్రిస్మస్ నక్షత్రాలు అతనికే అప్పగించాము. అతని వీధిలోనే బడి మానేసిన నలుగురు పిల్లల దగ్గర కూర్చోమని మాత్రం ఒక్కనాడూ చెప్పలేదు. తర్వాత అతను ఉద్యోగానికి బెంగళూరు వెళ్లాడు. ఆ నలుగురు సుగ్గికే వెళ్లారు.

నిజానికి ఇది మనకు కొత్త పాఠం కాదు. 1912లో దోర్నకల్ బిషప్‌గా అభిషిక్తుడైన అజరయ్య గారు పల్లె ఉపదేశకులను పల్లె ప్రజల్లోంచే తీసి, వారి భార్యలకూ శిక్షణ ఇప్పించారు. నంద్యాల వైపు సంఘాలు కూడా తర్వాత ఆ అధ్యక్ష ఖండంలో చేరినవే. సంఘం వెలుపలా ఇదే కనిపిస్తుంది. 1991లో రంగారెడ్డి జిల్లాలో బాలకార్మికులను బడికి మళ్లించే పని మొదలుపెట్టిన ఎం.వి. ఫౌండేషన్ స్థానిక యువకులనే కార్యకర్తలుగా తీర్చిదిద్దింది. వారిలో చాలామంది తమ ఇంట్లో తొలిసారి చదువుకున్నవారు. ఆ సంస్థను నడిపిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది.

అయితే మంచి మనసు ఒక్కటే చాలదు, శిక్షణ కావాలి. మార్కు ఆరో అధ్యాయంలో ప్రభువు శిష్యులను ఇద్దరిద్దరుగా పంపాడు. వాళ్లు తిరిగొచ్చి జరిగినదంతా చెప్పుకుంటే విన్నాడు. ఏకాంతంగా వచ్చి కొంచెం అలసట తీర్చుకోమన్నాడు (6:7, 30-31). మన యువతకూ ఈ మూడూ అవసరం. ఒంటరిగా పంపకూడదు. వారానికోసారైనా పెద్దలు కూర్చుని వినాలి. వాళ్లు అలసిపోతే గుర్తించాలి. ముందు వినడం, విన్నది బయట పెట్టకపోవడం వాళ్లకు నేర్పాలి. తమ శక్తికి మించినదాన్ని దాచకూడదనీ చెప్పాలి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లకు పెళ్లి నిశ్చయమైందని తెలిస్తే అది రహస్యంగా ఉంచే సంగతి కాదు. వెంటనే పెద్దలకు, 1098 చైల్డ్‌లైన్‌కు చెప్పాలి. బస్సు చార్జీలు, పూట భోజనం సంఘమే భరించాలి. కూలి వదులుకుని వచ్చే బిడ్డ చేత ఉచితంగా చేయించుకుని దానికి సేవ అని పేరు పెట్టడం న్యాయం కాదు.

ఆ గెరాసేనుల ప్రాంతంవారు మొదట యేసును తమ పొలిమేర విడిచి పొమ్మన్నారు (5:17). అతను మాత్రం వెళ్లి దెకపొలిలో ప్రకటించాడు. ప్రభువు మళ్లీ ఆ దెకపొలి ప్రాంతానికి వచ్చినప్పుడు జనమే ఒక చెవిటివాణ్ణి తెచ్చి, అతని మీద చెయ్యి ఉంచమని వేడుకున్నారు (7:31-32). దానికి అతని సాక్ష్యమే కారణమని వాక్యం చెప్పదు. కానీ ఈ రెండు సంగతులను పక్కపక్కన పెట్టి చదివినప్పుడల్లా మాకు ధైర్యం కలుగుతుంది.

ఈ ఆదివారం ఆరాధన ముగిశాక, కుర్చీలు సర్దుతున్న ఆ యువకుణ్ణి పిలవండి. నీ వీధిలో బడి మానేసిందెవరు నాయనా అని అడగండి. అతనికి పేర్లు తెలుసు. మనమే ఇన్నాళ్లూ అడగలేదు.