ఆకాశం నుంచి తీసిన బొమ్మలో మన చేను



చర్ల, దుమ్ముగూడెం, అశ్వారావుపేట వైపు అడవి అంచున చేను ఉన్నవారికి "ఇది అడవా, చేనా?" అనే ప్రశ్న కొత్తది కాదు. ఈనాడు దానికి జవాబు ఉపగ్రహపు బొమ్మలోనూ వెతుకుతున్నారు. కనుక ఆ బొమ్మ మన నేలను ఎట్లా చూస్తుందో మనమూ తెలుసుకోవాలి.

ఉపగ్రహం నేలమీద నుంచి తిరిగి వచ్చే వెలుగును కొలుస్తుంది. పచ్చని ఆకు ఎర్ర వెలుగును మింగి, కంటికి కనబడని పరారుణ వెలుగును మెండుగా తిప్పికొడుతుంది. వట్టి నేల అట్లా చేయదు. తేట నీరు ఆ వెలుగును దాదాపు అంతా మింగేస్తుంది. ఈ తేడాలను బట్టి అడవి, చేను, బీడు, చెరువు అని విడదీస్తారు. హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రంవారు దేశమంతటికీ ఇటువంటి పటాలు తయారుచేశారు. వారి 'భువన్'లో ఎవరైనా చూడవచ్చును.

మరి పొరపాటు ఎక్కడ వస్తుంది? రిసోర్స్‌శాట్ ఉపగ్రహంలోని లిస్-3 కెమెరా బొమ్మలో ఒక్క గడి 23.5 మీటర్ల చదరం, అంటే ఇంచుమించు ఐదున్నర గుంటలు. మీ చేలో ఇప్పచెట్లు, తునికిచెట్లు ఉంచుకొన్నారనుకోండి. చెట్టు, పైరు కలిసి ఆ గడిలో ఒకే రంగై, అడవిగా లెక్కకు రావచ్చు. జామాయిల్ తోటలు, ఆయిల్‌పామ్ తోటలు కూడా ఏడాది పొడుగునా పచ్చగా ఉండి అడవిని పోలుతాయి. టేకు అడవి ఎండాకాలంలో ఆకు రాల్చి బీడువలె కనబడుతుంది. అందుకే ఒక్క బొమ్మ చాలదు. వానాకాలపు పైరు, యాసంగి, ఎండాకాలం మూడింటి బొమ్మలూ పోల్చి చూడాలి.

ఇది వట్టి పటం సంగతి కాదు, పట్టా సంగతి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13కు ముందు నుంచి ఆ భూమి సాగులో ఉండాలి. 2012లో సవరించిన నియమాలు ఒక మాట స్పష్టంగా చెప్పాయి: ఉపగ్రహపు బొమ్మ ఇతర సాక్ష్యాలకు తోడుగా ఉండవచ్చు గాని, వాటి స్థానంలో రాదు. గట్లు, చదును చేసిన నేల, గుడిసె, ఊరి పెద్దలు చెప్పగా రాసుకొన్న వాఙ్మూలం, ఇవన్నీ సాక్ష్యాలే. బొమ్మలో అడవి అని ఉన్నదంటే గ్రామసభలో వీటిని ముందు పెట్టండి. అట్లాగే ఆ తేదీ తరువాత కొట్టిన అడవి కూడా బొమ్మల్లో బయటపడుతుంది. కొత్తగా చెట్లు కొట్టి చిక్కుల్లో పడకండి.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. పటం చేతబట్టుకొని రైతుతో కలిసి చేలోకి నడవండి. అక్కడ నిలబడి స్థలం, పైరు, తేదీ రాసుకోండి. పటం ఒకటి, నేల ఒకటి చెబితే, దిద్దవలసింది పటాన్నే.